వెలుగుకి నా రంగుతో పనేమిటి?

తెలుగులో కంటి గురించి మనం వాడే మాటల్లో సగం నీళ్ళతో ముడిపడినవే. కంట తడి పెట్టడం, కన్నీరు మున్నీరు కావడం, కంటికీ మింటికీ ఏకధారగా ఏడవడం. ఏడ్చే మగాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదని సామెత. అంటే ఏడవడం ఆడదాని సహజ లక్షణమన్న మాట. చావింట్లో ఏడవని కోడలి గురించి పదో రోజు దాకా ఊళ్ళో ఏం మాట్లాడుకుంటారో మనకి తెలుసు. ఇలాంటి భాషలో పుట్టిన స్త్రీ "నా కళ్ళలో నీళ్ళు లేవు, అదే నా జబ్బు" అని చెప్తే ఎదుటివాళ్ళకి ముందు నవ్వొస్తుంది. నాకూ మొదట్లో వచ్చింది.

ఈ జబ్బులో ఇంకో తిరకాసు ఉంది. పొడిబారిన కన్నే ఎక్కువగా కారుతుంది. కంటి మీద ఉండే కన్నీటి పొరలో నీటితో పాటు జిగురూ, పైన పల్చటి నూనె పొరా ఉంటాయి. ఆ నూనె కనురెప్పల అంచుల్లో వరసగా ఉన్న సన్నటి గ్రంథుల్లోంచి వస్తుంది. హైన్రిష్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు 1666లో వాటిని వివరంగా వర్ణించాడు కాబట్టి మైబోమియన్ గ్రంథులన్నారు. వాటిలో నూనె గడ్డకట్టి మూసుకుపోతే కంటి మీది నీరు నిలవక ఆవిరైపోతుంది. అప్పుడు కన్ను తల్లడిల్లి ఒక్కసారిగా నీళ్ళు కుమ్మరిస్తుంది. ఆ నీళ్ళకి కాపు కాసే నూనె లేదు కనక అవీ నిలవవు. ఆరేళ్ళుగా నా కళ్ళు చేస్తున్న పని ఇదే. ఒక సదస్సులో వితంతువుల ఆత్మకథల మీద పత్రం చదువుతుంటే ఏసీ గాలికి బొటబొటా నీళ్ళు కారాయి. తర్వాత ఒక పెద్దాయన వచ్చి "చాలా ఆర్ద్రంగా చదివారమ్మా" అని మెచ్చుకున్నారు. ఆ క్షణంలో నా కళ్ళలో ఉన్నది ఆర్ద్రత కాదు, ఇసుక.

బాధ ఉన్నవాళ్ళకి బాధ కన్నా నిశ్చయమైన సంగతి మరొకటి ఉండదు, వినేవాళ్ళకి అదే మొట్టమొదటి సందేహం అని ఎలేన్ స్కారీ 1985లో 'ది బాడీ ఇన్ పెయిన్' పుస్తకంలో వాదించింది. ఆ పుస్తకం ప్రధానంగా చిత్రహింస గురించీ యుద్ధం గురించీ. అంత పెద్ద సందర్భం నుంచి నా కంటి మంటకి మాట అరువు తెచ్చుకోవడం అతిగా అనిపించొచ్చు. కానీ సందేహించే పద్ధతి ఒకటే. డాక్టరు దీపం వేసి చూసి, కాగితం ముక్క రెప్పకి తగిలించి తడి కొలిచి, "పెద్దగా ఏమీ కనపడట్లేదే" అంటారు. ఈ జబ్బులో పరీక్షలో కనిపించే చిహ్నాలూ మనిషి చెప్పుకునే బాధా తరచు ఒకదానితో ఒకటి సరిపోలవని కంటి వైద్యులే రాసుకున్నారు. సరిపోలనప్పుడు ఎవరి మాట చెల్లాలి? కాగితం ముక్కదా, మనిషిదా?

ఆ మనిషి ఎక్కువసార్లు స్త్రీ. కన్నీటి పొర మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2017లో పొడికంటి జబ్బు మీద పెద్ద నివేదిక వేసినప్పుడు లింగం, జెండర్, హార్మోన్ల మీద ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించాల్సి వచ్చింది. ఆ నూనె గ్రంథుల పనితీరులో ఆండ్రోజెన్ హార్మోన్ల పాత్ర ఉంది. స్త్రీలలో అవి తక్కువ, వయసు మీద పడేకొద్దీ ఇంకా తగ్గుతాయి. ఇంకా వెనక్కి వెళ్తే, స్వీడన్‌లో హెన్రిక్ షోగ్రెన్ 1933లో ఇచ్చిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం నిండా ఉన్నది కళ్ళు ఎండిపోయిన పంతొమ్మిది మంది స్త్రీలు. పరీక్షకులు ఆ గ్రంథానికి బోధనా హోదా ఇచ్చేంత విలువ కట్టలేదు. తర్వాత ఆ జబ్బు ఆయన పేరు మీదే లోకానికి తెలిసింది. ఆ పంతొమ్మిది మంది పేర్లు మనకి తెలియవు. వాళ్ళు చెప్పిన బాధ మాత్రం ఒక మగవాడి పేరుతో పాఠ్యపుస్తకాల్లో ఉండిపోయింది.

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు మన భాషలో ఒక పెద్ద పని జరిగింది. ఆడవాళ్ళకి వాళ్ళ శరీరం మీద కలిగే సందేహాలు అజ్ఞానం కావనీ, జ్ఞానం అక్కడ మొదలవుతుందనీ ఆ పుస్తకం శీర్షికలోనే ఉంది. నా తరం వాళ్ళం దాన్ని అమ్మల అలమర్లలోంచి దొంగతనంగా తీసి చదువుకున్నాం. ఇప్పుడు నా సందేహం ఒక వెలుగు గురించి.

చుక్కల మందులూ, వేడి కాపడాలూ, రెప్పల మర్దనా కొంతకాలం పనిచేసి ఆగిపోయాక, కాంతి చికిత్స చేయించుకోమన్నారు. దాన్ని ఐ.పి.ఎల్. అంటారు. జినాన్ దీపంలోంచి వచ్చే తీక్షణమైన కాంతి మెరుపుల్ని, కళ్ళకి కవచాలు పెట్టి, బుగ్గల మీద జెల్ రాసి, ఈ చెవి దగ్గర్నుంచి ఆ చెవి దాకా కింది రెప్పల దిగువన వేస్తారు. కొన్ని వారాల ఎడంతో మూడు నాలుగు విడతలు. ఉబ్బిన సన్న రక్తనాళాలు మూసుకుపోతాయనీ, వాపు తగ్గుతుందనీ, గడ్డకట్టిన నూనె కరుగుతుందనీ వివరణలు. ఇది కంటి కోసం పుట్టిన యంత్రం కాదు. చర్మం మీద ఎర్ర మచ్చలూ అవాంఛిత రోమాలూ తీసేందుకు సౌందర్య చికిత్సల్లో వాడేది. 2000ల తొలి ఏళ్ళలో అమెరికాలోని మెంఫిస్‌లో రోలాండో టోయోస్ అనే కంటి వైద్యుడు, ముఖం ఎర్రబడే రోజేషియా కోసం ఈ చికిత్స చేయించుకున్నవాళ్ళు తమ కళ్ళు కూడా తేలికపడ్డాయని చెప్పడం గమనించాడు. వాళ్ళు చెప్పింది విన్నాడు, తీసిపారేయలేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అది.

అక్కడి ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో లుమెనిస్ కంపెనీ తయారుచేసిన ఆప్టిలైట్ అనే యంత్రాన్ని పొడికంటికి వాడేందుకు అనుమతించింది. ఆ అనుమతి వాక్యాన్ని సాహిత్య విద్యార్థినిగా నేను పదం పదం చదివాను. జబ్బు 'చిహ్నాలు' మెరుగుపడడానికి అని ఉంది. నా మంట ఆ వాక్యంలో లేదు. ఇరవై రెండేళ్ళు దాటినవాళ్ళకి అని ఉంది. ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్న చర్మాలకి అని ఉంది. అక్కడ ఆగిపోయాను.

ఆ కొలమానానికి ఓ కథ ఉంది. థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే హార్వర్డ్ చర్మవైద్యుడు 1975లో దాన్ని రూపొందించాడు. అప్పుడు అవసరమైంది కూడా ఒక కాంతి చికిత్సలో ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చుకోవడానికే. ఎండకి కాలుతుందా, కమిలి రంగు మారుతుందా అని అడిగి మనుషుల్ని మెట్ల వారీగా విడదీశాడు. మొదట ఉన్న మెట్లు తెల్ల చర్మంలోని తేడాలకే. గోధుమ రంగుకి అయిదు, నలుపుకి ఆరు తర్వాత చేర్చారు. తెలుపులో నాలుగు రకాలు కనిపించిన కంటికి మిగతా ప్రపంచమంతా రెండు రకాలుగా కనిపించింది. మన ఫోన్లలో బొమ్మల చేతులకి ఎంచుకునే రంగులు సైతం 2015 నుంచి ఈ కొలమానం మీద ఆధారపడ్డవే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కాంతికి పక్షపాతం లేదు. నల్లని చర్మంలోని మెలనిన్ ఆ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, వేడెక్కుతుంది, బొబ్బలెక్కొచ్చు, మచ్చలు మిగలొచ్చు. నాలుగో మెట్టు దగ్గర గీత గీసింది నన్ను కాపాడ్డానికే. అది అవమానం కాదు. మెలనిన్ కాంతిని పీల్చడం ప్రకృతి. కానీ ఏ తరంగాలు ఎంచుకోవాలి, ఎవరి ముఖాల మీద ముందు ప్రయోగాలు చేయాలి, ఎవరి చర్మాన్ని మామూలు చర్మంగా అనుకుని యంత్రం కట్టాలి అన్నవి మనుషుల నిర్ణయాలు. హద్దు ప్రకృతిది కావచ్చు, హద్దుకి అటువైపు వెతక్కపోవడం మాత్రం ప్రకృతిది కాదు.

నేను వెళ్ళిన చోట ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఫారం నింపుతోంది. "ఎండలో తిరిగితే ఎర్రగా కాలుతుందా మేడమ్, నల్లబడతారా?" అని అడిగింది. ఈ ప్రశ్న నన్ను వైద్యం కోసం అడగడం అదే మొదటిసారి. అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో. ఎండలోకి పోకే నల్లబడతావు, పెళ్ళిచూపుల ముందు నెల రోజులైనా గొడుగు వేసుకోవే. మా ఇంటి నుంచి వెళ్ళిన ప్రతి పెళ్ళి ప్రకటనలోనూ నేను 'చామనచాయ'. అంత నలుపుని అమ్మ అంత సున్నితంగా రాయించింది. "నల్లబడతాను. ఇప్పటికే నలుపే. అయిదు అవుతుంది" అన్నాను. ఆ అమ్మాయి నా ముఖం కేసి చూసి, గొంతు తగ్గించి, "నాలుగు అని రాస్తాను మేడమ్. అయిదంటే చెయ్యరు. అందరికీ అలాగే రాస్తున్నాం, ఏం కాదు" అంది.

ఆమె ఉద్దేశం మంచిదే. ఆమె కూడా నా రంగే. సాటి ఆడపిల్లకి ఒక తలుపు తెరిచిపెడదామనుకుంది. కలం కదిలిన ఒక్క క్షణంలో నన్ను ఒక మెట్టు తెలుపు చేసింది, అచ్చం అమ్మ ప్రకటనలో చేసినట్టే. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, మన దయ మాత్రం ఇంకా ఆ రూపంలోనే వస్తోంది. అయిదు అనే రాయమన్నాను. చెవి ముందు చిన్న జాగాలో తక్కువ తీవ్రతతో పరీక్షించి, కొన్ని రోజులు ఆగి చూసి, అప్పుడు నిర్ణయిద్దామన్నాను. అలాంటి పద్ధతి తమ దగ్గర లేదన్నారు. లేచి వచ్చేశాను. ఆ రాత్రి కళ్ళు మండుతూ ఉంటే, సూత్రం కోసం ఉపశమనాన్ని వదులుకోవడం కూడా ఒక రకం తెల్లబట్టలు కట్టుకోవడమేనా అని చాలాసేపు ఆలోచించాను.

కాదనే అనుకుంటున్నాను. తప్పుడు అంకె మీద నిలబడ్డ ఉపశమనం నా ఒక్కదాని లెక్క కాదు. నాలుగని రాసి నాకు చికిత్స చేస్తే, కాలితే అది నా ఖర్మ, మానితే అది నాలుగో మెట్టు విజయం. రెండు విధాలా అయిదో మెట్టు గురించి లోకానికి ఏమీ తెలియదు. రేపు నా తర్వాత వచ్చే నల్లటి మనిషికి చెప్పడానికి ఆ ఫైల్లో నేను ఉండను. దళిత స్త్రీల రచనలతో గోగు శ్యామల తెచ్చిన సంకలనానికి 'నల్లపొద్దు' అని పేరు పెట్టినప్పుడు, నలుపుని తెలుపుకి దగ్గర చేసి చూపించమని ఆమె ఎవరినీ అడగలేదు. నలుపుగానే లెక్కలోకి రావడం వేరు, తెలుపుగా లోపలికి రానివ్వడం వేరు.

ఇంకో ప్రశ్న మా అమ్మ అడిగింది. నాలుగు విడతలకి వాళ్ళు చెప్పిన మొత్తం నా నెల జీతాన్ని మించింది. "కంటి మంటకి అంత డబ్బా? మీ అమ్మమ్మ కట్టెల పొయ్యి ముందు అరవై ఏళ్ళు కళ్ళు నులుముకుంది, ఎప్పుడైనా డాక్టరు ముఖం చూసిందా?" నిజమే, చూడలేదు. ఊదుగొట్టం పక్కన పెట్టి కొంగుతో కళ్ళు ఒత్తుకునే అమ్మమ్మని వంటింటి పొగ మామూలని అందరం చూస్తూ ఊరుకున్నాం. ఆమెకి దొరకనిది నేను కోరడం విలాసమా? ఆడవాళ్ళ ఉపశమనాన్ని ఎప్పుడూ ఇంకో ఆడదాని ఓర్పుతోనే తూస్తారు. మగవాడి కళ్ళజోడుని వాళ్ళ తాత చూపుతో ఎవరూ తూయరు. చదవడం నా తిండి. నిమిషానికోసారి అక్షరం చెదిరే కంటితో ఆ పని సాగదు. అయితే అమ్మ ప్రశ్నలో ఒక ముల్లు ఉంది, దాన్ని పీకేసుకోవడం ఇష్టం లేదు. ఉపశమనం కోరే హక్కు నాదైతే, అది అమ్మమ్మ లాంటి వాళ్ళది కూడా కావాలి. పొగ రాని పొయ్యి కూడా కంటి వైద్యమే.

ఈ కాంతి నిజంగా ఎంత పనిచేస్తుందన్నది కూడా తేలిపోయిన సంగతి కాదు. 2020లో కొక్రేన్ సమీక్ష అప్పటికి దొరికిన మూడు ప్రయోగాలను పరిశీలించి ఆధారాలు చాలవంది. తర్వాత మరికొన్ని వచ్చాయి. చాలామందికి మేలు జరిగింది, కొందరికి ఆ మేలు నెలల్లో కరిగిపోయింది. ఇలాంటి చోట ఆశ పెట్టుకోవడం తప్పు కాదు, అడగకుండా ఆశ పెట్టుకోమనడం తప్పు. ఎంతమంది మీద చూశారు, వాళ్ళలో నా రంగువాళ్ళెందరు, కాలితే ఏం చేస్తారు అన్న మూడు ప్రశ్నలూ అడిగే ఓపిక రోగికి ఉండాలనడం కూడా అన్యాయమే. అవి ఎవరూ అడక్కముందే చెప్పడం వైద్యం చేసేవాళ్ళ పని.

ప్రస్తుతానికి వేడి గుడ్డ, రెప్పల మర్దన, చుక్కల మందు. ఇంకో ఊళ్ళో ఒక చర్మవైద్యురాలూ కంటి వైద్యురాలూ కలిసి ముదురు రంగు చర్మానికి తీవ్రత తగ్గించి, ముందు పరీక్షించి చేస్తారని తెలిసింది. వచ్చే నెల వెళ్ళి కనుక్కుంటాను. వాళ్ళ ఫారంలో అయిదు అని రాయడానికి చోటుంటే కూర్చుంటాను.