కారణం తెలిసిన దుఃఖం

పర్యావరణం బాగుపడుతుందని ఆశించడానికి తాత్విక ఆధారం వెతికితే, బౌద్ధంలోని ప్రతీత్యసముత్పాద సిద్ధాంతం ముందుగా కనిపిస్తుంది. ఏ స్థితి అయినా కొన్ని కారణాలు కలిస్తే పుడుతుంది, ఆ కారణాలు తొలగితే ఆగుతుంది అన్నది దాని సారం. నాలుగు ఆర్యసత్యాలు నిలిచింది దీనిపైనే: దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, దాన్ని నివారించవచ్చు, నివారణకు మార్గం ఉంది. రోగాన్ని గుర్తించి, మూలం తెలుసుకుని, మందు నిర్ణయించే వైద్యుడి పద్ధతితో ఈ క్రమాన్ని పోలుస్తారు.

బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడు ఈ ఆలోచనను తర్కపు చివరంచుదాకా తీసుకెళ్లాడు. కృష్ణా తీరంలోని శ్రీపర్వతంతో, అంటే నేటి నాగార్జునకొండతో, సంప్రదాయం ఆయన పేరును ముడిపెడుతుంది. ఆయన చెప్పినట్టు అన్నీ శూన్యమైతే ఆర్యసత్యాలకు చోటెక్కడిదన్న ఆక్షేపణకు తన గ్రంథం మూలమధ్యమకకారిక 24వ ప్రకరణంలో జవాబిచ్చాడు. దుఃఖానికి మారని స్వభావం ఉంటే అది ఎన్నటికీ పోదు. అప్పుడు మార్గానికే అర్థం ఉండదు. శూన్యత అంటే ఏమీ లేకపోవడమని ఆయన భావం కాదు. ఏదీ తనంతట తాను నిలబడి లేదని, ప్రతిదీ కారణాల మీద ఆధారపడి ఉందని. అలా ఆధారపడింది కనుకే అది మారగలదు. మనిషి స్వభావమే అత్యాశ, భూమి గతి ఇంతే అనే నిస్పృహకు ఈ తర్కంలో సమాధానం ఉంది.

ఓజోన్ పొర చరిత్రలో ఆ నాలుగు మెట్లూ కనిపిస్తాయి. ఫ్రిజ్‌లు, ఏసీలు, స్ప్రే డబ్బాల్లో అప్పట్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు పై వాతావరణంలో విడిపోయి, వాటి క్లోరిన్ ఓజోన్‌ను హరిస్తుందని మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలండ్ 1974లో హెచ్చరించారు. అంటార్కిటికా మీద ఓజోన్ దారుణంగా పలచబడిందని బ్రిటిష్ పరిశోధకులు 1985లో వెల్లడించారు. 1987 సెప్టెంబరు 16న ఈ రసాయనాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. తర్వాత పేద దేశాలకు మార్పు ఖర్చు భారం కాకుండా ప్రత్యేక నిధి ఏర్పడింది. 1992లో భారతదేశం ఆ ఒప్పందంలో చేరింది. 2009 నాటికి ప్రపంచ దేశాలన్నీ ఆమోదించాయి. ఇప్పటి కట్టుబాట్లు కొనసాగితే అంటార్కిటికా మీది ఓజోన్ 2066 ప్రాంతంలో 1980 నాటి స్థాయికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి అండతో జరిగిన శాస్త్రీయ మదింపు అంచనా.

కారణం తొలగినంత మాత్రాన ఫలితం వెంటనే అందదు. భారతదేశంలో 1990లలో రాబందులు కుప్పలుగా చనిపోయాయి. పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫినాక్ కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మెలాక్సికామ్ అనే సురక్షితమైన ప్రత్యామ్నాయం దొరికింది. అయినా ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే ఈ పక్షులు పూర్వపు సంఖ్యకు చేరడానికి తరాలు పడతాయి. అంతరించిన జాతినైతే ఏ నిషేధమూ తిరిగి తేలేదు. చేసిన కర్మకు ఫలం ఉంటుందన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

భూతాపం ఇంతకన్నా కఠినమైన పరీక్ష. ఓజోన్ విషయంలో కారణం కొన్ని రసాయనాలకు పరిమితం. బొగ్గు, పెట్రోలు, గ్యాస్ మాత్రం వంటగది నుంచి కర్మాగారం దాకా జీవితమంతా అల్లుకున్నాయి. పైగా గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వందల ఏళ్లు నిలిచిపోతుంది. అయినా కారణం స్పష్టంగా తెలుసు. ప్రత్యామ్నాయాలూ అందుబాటులోకి వస్తున్నాయి. 2010 తర్వాతి దశాబ్దంలో సౌర ఫలకాల ధర పదో వంతుకు దగ్గరగా పడిపోయింది. రోగం ముదిరిందంటే చికిత్స దీర్ఘకాలం సాగాలని అర్థం. చికిత్సే లేదని కాదు.

కార్యకారణ సిద్ధాంతం ఇచ్చే ఆశ షరతులతో కూడినది. సమస్య దానంతటదే సర్దుకుంటుందనే ధీమాను అది అంగీకరించదు, ఎందుకంటే కారణాలు కొనసాగితే దుఃఖమూ కొనసాగుతుంది. ఇక చేయగలిగిందేమీ లేదన్న నిరాశనూ ఒప్పుకోదు, ఎందుకంటే మనుషుల పనులవల్ల ఏర్పడిన స్థితి మనుషుల పనులతోనే మారుతుంది. ఆర్యసత్యాల్లో చివరిది మార్గం. అది నడిచేవారికే పనికివస్తుంది.