దాచిన వాచీ

మన కడప జిల్లాలో చెమ్మ సంగతి ఎత్తితే నవ్వుతారు. "మనుషులకే నీళ్ళు చాలని సీమలో వాచీకి తేమ యాడ్నుంచి వస్తుందమ్మా?" అంటారు. నిజమే, ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. పులివెందుల వైపు అంతకూడా పడదు. అయినా ఒకసారి బీరువా తెరిచి, పట్టుచీరల అడుగున చుట్టిపెట్టిన పాత వాచీని బయటికి తీసి చూడండి. డయల్ మీద టీ మరక లాంటి మచ్చ, ముళ్ళ మీద నల్లటి పొక్కులు, అంచు వెంట పచ్చగా చిలుము.

తేమ ఎక్కడినుంచో రానక్కర్లేదు. మన ఇళ్ళలోనే ఉంది. మే నెలలో ఎండ మండిపోతుంటే కిటికీలో నీళ్ళ కూలరు పెట్టుకుంటాం. ఆ చల్లగాలి మనతోబాటు బీరువాకీ తగులుతుంది. అక్టోబరు, నవంబరు ముసురులో జమ్మలమడుగు ఇళ్ళలో నాపరాయి బండలు చెమరుస్తాయి. 2020లో గండికోట జలాశయం నింపినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వాళ్ళు ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. అలా హడావుడిగా కొత్తిల్లు చేరిన వాళ్ళెవరైనా, పూత ఇంకా ఆరని గోడకే బీరువా ఆనిస్తారు. పాపం, అంత కష్టంలో వాచీ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అసలు మనకు దాచడం నేర్పింది బంగారం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో కొన్న గొలుసును గుడ్డలో కట్టి, మూటలో పెట్టి, ఆ మూటను పెట్టెలో పెట్టి పదేళ్ళు మరిచిపోండి. తీసినరోజు అదే మెరుపు. నేలలో పాతిపెట్టినా దానికి లెక్కలేదు. అందుకే దాచడమూ కాపాడడమూ ఒకటేనని మనకు గట్టి నమ్మకం. వాచీ అలాంటిది కాదు. దానిలో ఇత్తడి ఉంది, ఉక్కు ఉంది, రవ్వంత నూనె ఉంది. ముట్టుకోకుండా వదిలేస్తే నూనె జిడ్డుకట్టి గట్టిపడుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది.

పులివెందులలో ఒక ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య ఇదే పేచీ. పోయిన పెద్దాయనది హెచ్‌ఎంటీ వాచీ. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో మొదలైన ఆ కార్ఖానా వాచీలు ఒకప్పుడు మన ఊళ్ళలో ఉద్యోగస్తుల చేతికీ, పెళ్ళికొడుకుల చేతికీ ఉండేవి. 2016లో ఆ వాచీల కంపెనీనే మూసేశారు. కోడలు బడిపంతులమ్మ. వాచీ బాగు చేయించి కొడుకు చేతికి పెట్టాలని ఆమె ఆశ.

"వద్దమ్మీ. మీ మామ పోయిన గడియకు నిలబడింది అది. నాలుగూ ఇరవై. ఆ ముల్లు కదిలించొద్దు."

"కదిలించకపోతే తుప్పుపట్టి పోతాది అత్తా."

"పోతే పోనీ. ఆయనే పోయినాడు."

ఈ మాటకు జవాబు చెప్పడం తేలిక కాదు. గుర్తుగా ఉంచుకున్న వస్తువు చెడిపోతే అదీ ఆ గుర్తులో భాగమే కదా అని ఆవిడ భావం. మనలో చాలామంది అలాగే అనుకుంటాం. పైకి చెప్పుకోం, అంతే.

కోడలికి ఇంకో సంగతి తెలుసు. కీ ఇచ్చే వాచీ ఒకసారి నిండా తిప్పితే ఒకటిన్నర రోజు దాకా నడుస్తుంది. పెద్దాయన ముందురోజు పొద్దున్నే అలవాటు ప్రకారం కీ ఇచ్చి, మర్నాడు తెల్లవారుజామున పోయాడు. ఆ వాచీ అప్పుడు నిలబడి ఉండదు. ఏడుపులు వింటూ, వచ్చేపోయే వాళ్ళ మధ్య నడుస్తూనే ఉండి, అంతా అయిపోయి అందరూ స్నానాలు చేసేవేళ, ఆ సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆగి ఉంటుంది. ముల్లుకు పగలూ రాత్రీ తేడా తెలియదుగా!

ఈ సంగతి అత్తగారికి చెప్పాలా? చెప్పకూడదంటారు చాలామంది. ఆమెకు మిగిలిన ఒక్క ఆధారాన్నీ లాక్కోవడం ఏం ధర్మం అంటారు. నేను మాత్రం చెప్పాలనే అంటాను. నిలబడిన గడియలో ఆయన ఏముంది? పోవడమే కదా ఉంది. ఆయన వేళ్ళు చుట్టిన స్ప్రింగు ఆయన పోయాక కూడా ఒక పూట నడిచిందనుకోండి, అందులో ఆయన ఉన్నాడు. ఆవిడ దాచుకోవలసింది ఇదే. అయితే చెప్పే తీరు ఉంటుంది. తప్పు పట్టినట్టు చెబితే నిజం కూడా రాయిలా తగులుతుంది.

కోడలు ఏదో పండగనాడు మెల్లగా చెప్పిందట. పెద్దావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత వాచీ ఇచ్చింది, ఒక షరతు పెట్టి: డయల్ మార్చకూడదు. తెలివైన షరతు. పాత డయల్‌కు కొత్త రంగు వేసి తళతళలాడించడం రిపేరు అంగళ్ళలో మామూలు. అలా చేస్తే అది ఎవరి వాచీయో మనకే తెలియదు. లోపల శుభ్రం చేయించి, నూనె వేయించి, వెనక మూత రబ్బరు మార్పిస్తే చాలు. మచ్చ ఉండనివ్వండి.

దాచాలనుకున్న వాచీ ఉంటే తోలు పట్టా విప్పేయండి, అది చెమ్మను పట్టి ఉంచుతుంది. పాలిథిన్ కవరులో చుట్టకండి, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. బియ్యంలో పెట్టేవాళ్ళున్నారు. బియ్యం పీల్చేది కొంచెమే, పైగా దుమ్ము. గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో, చెప్పుల అట్టపెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి, ఏడాదికోసారి మార్చండి. సెల్లుతో నడిచే వాచీ అయితే సెల్లు తీసే దాచాలి, అది కారిందంటే లోపలంతా పాడే. అద్దం లోపల మంచు పట్టినట్టు కనబడితే ఎండలో పెట్టకండి, ఆరోజే రిపేరుకు ఇవ్వండి. కీ ఇచ్చే వాచీకి నెలకోసారైనా కీ ఇవ్వండి.

పులివెందుల ఇంట్లో ఇప్పుడు కొత్త పేచీ, ఆ కీ ఎవరివ్వాలని. ప్రస్తుతానికి పొద్దున్నే కాఫీ తాగాక అత్తగారే ఇచ్చి, మనవడి చేతికి పెడుతున్నారట.