ఆయాసం, ఆశ, విశ్వాసం



పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని గూర్చి మార్కు సువార్తికుడు ఐదవ అధ్యాయంలో వ్రాశాడు. ఆమె ఎందరో వైద్యుల దగ్గరకు తిరిగింది, ఉన్నదంతా ఖర్చుపెట్టింది, అయినా జబ్బు ముదిరిందేగాని తగ్గలేదు. ఆ మాటలు చదివినప్పుడు మన విచారణలలోని ఎన్నో ఇండ్లు గుర్తుకు వస్తాయి. చుట్టలు, బీడీలు కాల్చి ఊపిరితిత్తులు చెడిన తండ్రి, ముప్పయి ఏండ్లు కట్టెల పొయ్యి ఊదిన తల్లి, పలుగురాయి పొడిచేసే మిల్లులో దుమ్ము పీల్చిన అన్న, క్షయ నయమైనా దాని మచ్చలు మిగిలి నాలుగడుగులకే రొప్పే చెల్లి. వీరి మంచం పక్కన రాత్రంతా కూర్చున్నవారికి ఎవరు ఏ మందు చెప్పినా పరుగెత్తాలనిపిస్తుంది. ఒకరు పసరు అంటారు, ఒకరు భస్మం అంటారు, మరొకరు తాయెత్తు అంటారు.

ఇలా నాటుమందు కోసం వెళ్లడం పాపమా? మందు వెదకడం పాపం కాదు. ప్రభువే భూమినుండి ఔషధాలను పుట్టించాడనీ, తెలివిగలవాడు వాటిని తృణీకరింపడనీ సీరాపుత్రుని గ్రంథం 38వ అధ్యాయం బోధిస్తున్నది. హిజ్కియా రాజు పుండుకు అత్తిపండ్ల ముద్ద కట్టమని చెప్పినవాడు యెషయా ప్రవక్తయే. మన చేలగట్ల మీద పెరిగే అడ్డసరం మొక్కనే చూడండి. తరతరాలుగా దగ్గుకు వాడిన ఆ ఆకులోని సారం ఆధారంగానే, కఫాన్ని పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. కనుక ఆకును చూచి నవ్వనక్కరలేదు. అయితే ఏ మందునైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇది చెప్పినంత పని నిజంగా చేస్తుందా?

మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఇచ్చే చేపమందును తీసుకోండి. కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని మందుముద్ద పెట్టి, ప్రాణంతోనే మింగిస్తారు. 1845 నుండి ఉచితంగా ఇస్తున్నామని ఆ కుటుంబంవారు చెబుతారు. కరోనా వలన 2020 నుండి మూడేండ్లు ఆగిపోయి, 2023లో మళ్లీ మొదలైంది. ఆ ఉచితసేవను మనం కించపరచము. కాని అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్యశాస్త్రం నిరూపించలేదు. ఉబ్బసంలో గాలిగొట్టాలు బిగుసుకొని మళ్లీ సడలుతాయి. రుతువు మారితే దానంతటదే తగ్గడమూ కద్దు. మందు తిన్న తరువాత తగ్గింది కాబట్టి మందు వల్లనే తగ్గిందనుకోవడం తర్కంలో పాతకాలపు పొరపాటు. కోడి కూసిన తరువాత తెల్లవారుతుంది. కోడి కూయడం వల్ల తెల్లవారదు గదా!

పొగవల్ల, రాతిదుమ్మువల్ల చెడిన ఊపిరితిత్తుల సంగతి ఇంకా వేరు. అక్కడ గాలిని పట్టే సన్నని తిత్తులు శిథిలమైపోతాయి, లేదా గట్టి మచ్చలుగా మారిపోతాయి. అవి మళ్లీ మునుపటిలా మొలకెత్తవు. నెల రోజులలో కొత్త ఊపిరితిత్తులు ఇస్తానన్నవాడు, అతడు వైద్యుడైనా, స్వస్థత ప్రార్థనలు చేసేవాడైనా, తనవద్ద లేనిదానిని మీకు అమ్ముతున్నాడు.

అందుచేత మూడు సంగతులు మనసులో ఉంచుకొండి. మొదటిది, ఏ నాటుమందు వాడినా డాక్టరుగారిచ్చిన మందు మానవద్దు. వాడుతున్నది ఆయనకు దాచకుండా చెప్పండి. ఇన్‌హేలరు పీలిస్తే అలవాటై వదలదనే భయంతో మానేసి, అర్ధరాత్రి ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు. అది వ్యసనం కాదు, ఊపిరికి ఊతం. రెండవది, పేరు లేని పొడి రెండు రోజులలో అద్భుతంగా పనిచేస్తే సంతోషించేముందు అనుమానించండి. అటువంటి పొడులలో స్టెరాయిడ్ మందులు కలిపి అమ్మడం ఎన్నోసార్లు బయటపడింది. అవి చాలాకాలం వాడితే చక్కెరవ్యాధి వస్తుంది, ఎముకలు గుల్లబారుతాయి. ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు. మూడవది, ఆడబిడ్డ పెండ్లికి దాచిన బంగారం, బిడ్డల చదువుకు దాచిన సొమ్ము ఆశకు అప్పగించవద్దు.

“మరి మన విశ్వాసం సంగతేమిటి స్వామీ?” అని మీరు అడుగవచ్చు. లూర్దుమాత దర్శనం పొందిన పునీత బెర్నదెత్తమ్మ జీవితం దీనికి సమాధానం. ఆమె చిన్ననాటినుండి ఉబ్బసరోగి. 1858లో ఆమె చేతులతో తవ్విన చోటనే నీటి ఊట పుట్టింది. ఆ నీటివద్ద ఎందరో స్వస్థత పొందారు. ఆమె మాత్రం ఆయాసంతోనే బ్రతికి, నెవేరు పట్టణపు కన్యామఠంలో రోగులకు సేవచేసి, 1879లో 35 ఏండ్ల ప్రాయంలో క్షయతో మరణించింది. ఆమెకు విశ్వాసం చాలలేదని అనగల ధైర్యం ఎవరికుంది? 1933లో తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. “నీకు విశ్వాసం లేదు కనుకనే తగ్గలేదు” అని రోగితో అనేవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి. ఆ మాట రొప్పుతున్నవాని రొమ్ముమీద మరొక రాయి పెట్టడమే.

తిరుసభ అద్భుతాలను నమ్ముతుంది, కాని తొందరపడదు. స్వస్థతలను పరిశీలించడానికి లూర్దులో 1883లోనే వైద్యుల కార్యాలయం ఏర్పడింది. వేలమంది తాము బాగుపడ్డామని చెప్పినా, తిరుసభ అద్భుతమని ఒప్పుకొన్నవి ఇంతవరకు నూరు కూడ లేవు. గుణదల కొండ ఎక్కి మొక్కుకొనే మనకు ఇది మంచి పాఠం. బుద్ధిని ఇచ్చినవాడూ, కృపను ఇచ్చేవాడూ ఒక్కడే. ఒకదానికొకటి పగ కాదు.

ఇక చేయగలిగినవి తక్కువేమీ కాదు. పొగ మానండి, పోయిన ఊపిరి తిరిగిరాకపోయినా మిగిలినది త్వరగా తరగిపోకుండ నిలుస్తుంది. ఇంట్లో పొగ లేకుండ చూడండి. పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదలడం, డాక్టరు సలహాతో రోజూ కొంచెం కొంచెంగా నడవడం నేర్చుకొంటే ఆయాసం తగ్గుతుంది. ఫ్లూకు, న్యుమోనియాకు టీకాలున్నాయి. రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గినవారికి డాక్టరు చెబితే, ఇంటివద్ద రోజుకు 15 గంటలకు తక్కువ కాకుండ ఆక్సిజన్ పెట్టడం ఆయుష్షును పెంచుతుంది. ఇవి అద్భుతాలుగా కనిపించవు. అయినా ఎవరి సాయం లేకుండ స్నానాలగదిదాకా నడవగలిగిన రోజున ఆ రోగి చేసే స్తోత్రం ఎంత నిజమైనదో!

చివరగా ఒక మనవి. మీ ఇంటి రోగికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అడగడానికి ఆఖరి గడియదాకా ఆగవద్దు. గురువు తైలంతో గడప తొక్కితే చావు వచ్చినట్లేనని కొందరు భయపడతారు. అది చావుకు గుర్తు కాదు. బలహీనునికి బలమిచ్చే దేవద్రవ్యానుమానం అది. యాకోబు పత్రిక ఐదవ అధ్యాయం చదివి చూడండి. ఆ తరువాత రాత్రిపూట కాసేపు రోగి పక్కన కూర్చోండి. దిండ్లు ఎత్తుగా పేర్చండి, వీపు నిమరండి, జపమాల మీరు చెప్పండి. మారుపలికే ఊపిరి లేకపోతే అతడు వింటే చాలు. సిలువమీద ఊపిరి కోసం అల్లాడిన ప్రభువుకు ఆయాసమంటే ఏమిటో తెలుసు. ఆయన మీ ఇంటివారిని దీవించునుగాక. ఆమెన్.