రెండో కొయ్య

కరెంటు మోటార్లు ఇంకా రాని రోజుల్లో, బెల్లంపల్లి పక్కన ఒక పల్లెలో ముగ్గురు పాలోళ్లకు కలిపి ఒకటే మోట బావి ఉండేది. తెల్లవారుజామున ఒకరి వంతు, ఎండెక్కేదాకా ఒకరి వంతు, పొద్దు వాలినంక ఇంకొకరి వంతు. వంతు తప్పితే ఆ పూటకు మడికి నీళ్లు లేనట్టే.

మోట కొట్టడం చూసినవాళ్లకు తెలుసు, ఆ పనికి ఒక తాడు చాలదు. బొక్కెనను లాగే లావు మోకు పైనున్న గిరక మీదుగా వస్తుంది. బొక్కెన అడుగున వేలాడే తోలు తొండానికి కట్టిన సన్నతాడు కింద, తొట్టి అంచున తిరిగే గుండ్రటి కర్ర మీదుగా వస్తుంది. రెండూ వచ్చి చేరేది ఎడ్ల కాడికే. ఎడ్లు మోట దారిలో కిందికి నడుస్తుంటే బొక్కెన లేస్తుంది. సన్నతాడు తొండం మూతిని పైకి మడిచి పట్టుకున్నంతసేపు చుక్క కారదు. గట్టు దాటగానే మోకు బొక్కెనను ఇంకా పైకి గుంజుతుంది, సన్నతాడు తొండాన్ని తొట్టిలోకి ఈడుస్తుంది, నీళ్లు దబ్బున పడతాయి. రెండు తాళ్ల పొడవులూ సరిగ్గా కుదరాలి. సన్నతాడు కొంచెం వదులైతే తొండం జారిపోయి తోడిన నీళ్లన్నీ మళ్లీ బావిలోకే. దీన్ని మొదట కనిపెట్టిన రైతెవరో గానీ, ఇంజినీర్లు అతనికి దండం పెట్టాలి.

ఆ ముగ్గురిలో ఒకరింట్లో తాత మోట కొట్టేవాడు. పని అయినంక తాళ్లు విప్పి, చుట్టి, కొట్టంలో పెట్టడం మనవడి పని. కొట్టం గోడకు ఉన్నది ఒకటే కొయ్య. మోకును దానికి తగిలించి, దాని మీద సన్నతాడు తగిలించేవాడు. సోమరిపోతు కాదు, చుట్టలు బాగానే చుట్టేవాడు. అయినా తెల్లారేసరికి సన్నతాడు మోకు చుట్టల సందుల్లోకి జారి, ఒకటి గుంజితే రెండోది బిగుసుకునేది. ఒకనాడు చీకట్లో ఆ ముడి విప్పుతుండగానే తూర్పు తెల్లబడింది. వంతు పక్కవాడికి పోయింది.

బావి కాడ తలా ఒక మాట అన్నారు. తాళ్లు పాతబడ్డయి, కొత్తవి పేనిపించుమని ఒకరు. పోరనికి రెండు తగిలిస్తే బుద్ధి వస్తదని ఇంకొకరు. రెంటినీ కలిపి ఒకే చుట్టగా చుడితే పీడ పోతదని మూడో ఆయన. మూడోది చేసి చూశారు. తాళ్లు మునుపటికన్నా ఘోరంగా పెనవేసుకున్నాయి. మనవడు పంతం పట్టి ఒక్కో చుట్టా సవరించి పెట్టడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లు బాగానే సాగింది. ఒళ్లు అలసిన ఒక సాయంత్రం మళ్లీ పాత కథే.

మర్నాడు తాత తుమ్మకర్ర చెక్కి, ఎదురు గోడకు రెండో కొయ్య దిగ్గొట్టాడు.

"ఎందుకు తాతా? ఇగనుంచి ఇంకింత పైలంగ చుడుత గద."

"నువ్వు పైలంగనే చుట్టినవు బిడ్డా, నేను చూసిన. దినాం పైలంగుండుడు మనిషితోని కాదు. కొయ్యతోని అయితది."

తర్వాత చుట్టడం నేర్పాడు. తాడు పురి ఎటు తిరిగితే చుట్ట కూడా అటే తిప్పాలి. ఎదురు తిప్పితే తాడు తనంతట తానే మెలి పడుతుంది. పొద్దున ముందు అందుకునే కొస పైన ఉండాలి, రెండో కొస కొయ్యకు కట్టి ఉండాలి. ఆ తర్వాత ఆ ఇంటి వంతు తప్పలేదు.

మనవడు పెద్దవాడై బొగ్గుబాయిలో చేరాడు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన సింగరేణి, 1920ల చివర్లో బెల్లంపల్లికి వచ్చింది. మనుషుల్ని దింపే ఇంజను దగ్గర అతను మొదట చూసింది పెద్ద డ్రమ్మునే. రెండు ఉక్కు మోకులు దాని మీదే, ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి. ఒకటి చుట్టుకుంటుంటే రెండోది విడుస్తోంది, దేని సగంలో అది. "మా తాత ఇక్కడికెప్పుడు వచ్చిండు?" అన్నాడట.

నీతి: కలిసి పనిచేసేవాటికి వేరువేరు చోటు కావాలి. ఒకే కొయ్య మీద తప్పు జరిగితే, తప్పు చేతిది కాదు, కొయ్యది.

ఇలాంటి కథను పిల్లలకు ఒళ్లు దగ్గర పెట్టుకొమ్మని చెప్పడానికి వాడుతుంటాం. తాత మాట దానికి ఎదురు. జాగ్రత్త అలసిపోతుంది. గోడకు కొట్టిన కొయ్య అలసిపోదు.

సముద్రం మీద తెరచాప పడవల వాళ్లదీ ఇదే తంటా. గాలి ముదిరితే ఒక లంగరు ఆగదు, రెండోది వేయాలి. తాడు నీటి లోతుకు ఏడు రెట్లు వదలడం మామూలు లెక్క. పది మీటర్ల లోతుకు డెబ్బై మీటర్లు, రెండింటికి నూట నలభై. అదంతా పడవ ముక్కు దగ్గరి ఇరుకు అరలో కుక్కితే, అర్ధరాత్రి గాలిలో ఏ కొస ఎక్కడుందో దేవుడికే ఎరుక. అందుకే తెలిసినవాళ్లు అరకు మధ్యలో పలక అడ్డం పెడతారు, లేదా రెండో లంగరును దాని తాడుతో సహా పడవ వెనక్కి మార్చేస్తారు. చాలామంది తాడును అసలు చుట్టరు. సంచిలోకి పొరలుపొరలుగా జారవిడుస్తారు, చివర పడింది ముందు బయటికి వస్తుంది. అడుగు కొసను పడవకు సన్నటి దారంతో కడతారు, ప్రాణం మీదికొస్తే కత్తితో ఒక్క కోత పెట్టడానికి.

అయితే కొయ్య పని కొట్టం దాకే. రెండు లంగర్లూ నీళ్లలో ఉన్నప్పుడు పోటుకూ పాటుకూ పడవ గిర్రున తిరిగితే, తాళ్లు బయటే ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. అప్పుడు అరలో పలక ఉన్నా లేకున్నా ఒకటే. ఎవరో ఒకరు ముక్కు దగ్గరికి పోయి, ఒక తాడు కొస విప్పి, రెండోదాని చుట్టూ వెనక్కి తిప్పి మళ్లీ కట్టాలి.