కదలని కొన, కదలెడి కొన

కట్టడమునందు కదలరాని భాగములు కొన్ని, కదలనీయవలసినవి కొన్ని కలవు. ఏది యేదియో యెఱుగుటయే నిర్మాణవిద్యలో ముఖ్యాంశము. సాధకుని జీవితమునందును అంతియే.

సువర్ణరేఖా, ఖర్కాయి నదులు కలియుచోట వెలసిన జంషెడ్‌పూరు ఉక్కునగరము. 1907లో స్థాపింపబడిన టాటా సంస్థ 1912లో అచట ఉక్కును ఉత్పత్తి చేయ నారంభించెను. 1943లో తెఱవబడిన కలకత్తా హౌరా వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో సుమారు 23,000 టన్నులు ఆ సంస్థ ఇచ్చినదే.

ఉక్కు దృఢమైనదే, కాని ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. నూఱు మీటర్ల దూలము 40 డిగ్రీల వేడిమి పెరిగినచో సుమారు 5 సెంటీమీటర్లు పొడవగును. అందుచేత దూలపు వంతెనలలో సాధారణముగా ఒక కొనను స్తంభముపై కదలకుండ బిగించి, రెండవ కొనను రోలర్లపై నిలుపుదురు. రెండును బిగించినచో దూలము వంగును, లేదా స్తంభమును త్రోయును. రెండును వదలినచో, వంతెనపై రైలుబండి ఆగునప్పటి తాకిడికి దూలమే చోటు వీడును. గృహనిర్మాణమునందును ఇట్టి వివేకమే వలయును. స్తంభములపై నిలిచిన మేడలో అడ్డుగోడను తీసివేసినచో గది విశాలమగును. స్తంభమును తీసివేసినచో కప్పే కూలును.

వేదాంతులు ఆత్మను కూటస్థమందురు. కూటమనగా కమ్మరి దాకలి యని పెద్దలు వివరింతురు. సమ్మెట లేచును, పడును. ఇనుము కాగును, వంగును, కొడవలియగును. దాకలి మాత్రము మాఱదు. అది మార్పును అడ్డగింపదు; మార్పంతయు దానిపైననే జరుగును. ఇదియే నిజమైన స్థిరత్వము.

ఉక్కుకొలుములు రేయింబవళ్లు మండుచుండును. 1912లోనే 8 గంటల పనిదినము నెలకొల్పిన ఆ కర్మాగారమున పని వంతులవారీగా సాగును. అచట స్థిరపడిన తెలుగు కుటుంబములును కలవు. ఒక వారము పగలు, ఒక వారము రాత్రి పనికేగు గృహస్థు నిత్యము బ్రాహ్మీముహూర్తముననే జపమెట్లు చేయగలడు? రాత్రియంతయు కొలిమియొద్ద నిలిచి యిల్లు చేరినవానికి ముందు నిద్రయే ధర్మము. “వేళ తప్పినది, ఇక నాకు సాధన యెక్కడిది?” అని విడుచువాడు రెండు కొనలును బిగించుకొన్నవాడు. “వీలైననాడు చూతము” అనువాడు రెండును వదలినవాడు. వేళ కదలెడి కొన. నిత్యస్మరణము కదలని కొన. మధ్యాహ్నము లేచి, స్నానముచేసి, పది నిమిషములు కూర్చున్నను వ్రతము నిలిచినట్లే. ఆ పది నిమిషములును లేని దినమే వ్రతభంగదినము.

మనము తఱచుగా దీనిని తలక్రిందులు చేయుచున్నాము. ఆహారవిహారములు, ఆచారవివరములు అనెడి అడ్డుగోడలకై ఇంటివారితో కలహింతుము. సత్యము, దయ అనెడి స్తంభములను మాత్రము స్వల్పలాభమునకై కోయుదుము. గోడలు నిలిచియుండగనే కప్పు కూలిన సంసారములెన్నియో!

కావున ప్రతిసాధకుడును తన జీవితగృహమును ఒకమాఱు పరీక్షించుకొనవలెను. భారమును మోయునదేది? కేవలము అడ్డుగా నిలిచినదేది? మొదటిదానిని ప్రాణమువలె కాపాడుకొని, రెండవదానియందు పట్టుదల సడలించినచో, ఎండవానలెన్ని వచ్చినను ఆ గృహము చెక్కుచెదరదు.