తృప్తి యెవరి ధర్మము?

సేవ యను మాటకు మన సంప్రదాయమున ఎంతటి గౌరవము కలదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆలయ ప్రాంగణమును ఊడ్చుట, పుష్పమాలికలు కూర్చుట, ప్రసాదమును వడ్డించుట మొదలగునవన్నియు కైంకర్యములే. కాని అదే ఊడ్పును, అదే వడ్డనను కూలికై చేయువానియెడ లోకమునకు అట్టి గౌరవము లేదు. అందునను స్వదేశమును విడిచి, భాష తెలియని చోట పరుల గదులను శుభ్రపరచుచు బ్రదుకువారు కంటి యెదుట నుండియు కనబడనివారే యగుచున్నారు. అట్టివారికి వేరొక పని నేర్పి పైమెట్టునకు చేర్చుట ధర్మమా? లేక చేయుచున్న పనియందే తృప్తి నొందుమని చెప్పుట ధర్మమా? ఇది విచారింపదగిన ప్రశ్న.

అమెరికాలోని లాస్ వేగాస్ నగరము ఇందులకు దృష్టాంతము. అచ్చటి జీవనము చాలవరకు హోటళ్ళపై ఆధారపడి యున్నది. గదులు సర్దువారు, పాత్రలు కడుగువారు, వంటవారు అనేకులు ఇతర దేశములనుండి వలస వచ్చినవారే. పనివారి సంఘములును, పెద్ద హోటళ్ళ యాజమాన్యములును కలిసి చేసికొనిన ఒడంబడిక ఫలముగా 1993లో అచ్చట 'క్యులినరీ అకాడమీ' యను శిక్షణాలయము వెలసినది. పనివారు పనిచేసిన గంటల లెక్కను బట్టి యాజమాన్యములు దాని నిధికి ధనము చెల్లించును. సంఘ సభ్యులకు రుసుము లేదు. గదులు సర్దు స్త్రీ అచ్చట ఆంగ్లమును, వడ్డన పద్ధతులను నేర్చి భోజనశాలకు మారవచ్చును. పాత్రలు కడుగువాడు వంట నేర్చి పాకశాలలో నిలువవచ్చును. వారికిని పైమెట్టునకును నడుమ అడ్డుగ నున్నది బుద్ధిలోపము కాదు. భాష, కొంత అభ్యాసము, ఆ రెంటికిని కావలసిన తీరిక మాత్రమే.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. స్వకర్మయందు నిష్ఠ గలవానికి సిద్ధి కలుగునని గీతాశాస్త్రము బోధించుచుండగా, పైపదవిపై ఆశ పుట్టించుట తగునా యని కొందరందురు. మాట నిజమే. అయితే తృప్తి యనునది ఎవరికి వారు పట్టవలసిన వ్రతము. ఏకాదశినాడు తాను ఉపవసించుట వ్రతమగును గాని, ఆకలిగొని వాకిట నిలిచినవానికి ఉపవాస మహిమను బోధించి పంపుట వ్రతము కాదు గదా! విడువగలిగియు విడువనివాని నిష్ఠయే నిష్ఠ. వేరొక దారి లేక పడియున్నవానిది తృప్తి కాదు, నిస్సహాయత. విద్య నేర్చిన పిదప ఒకడు పాత పనినే కోరి నిలిచినచో, అప్పుడు వానిని తృప్తుడని కొనియాడవచ్చును.

మరియొక ఆక్షేపణ కలదు. అందరును నేర్చి పైకి పోయినచో గదులెవరు సర్దుదురు? ఈ ప్రశ్నలోనే ఒక ఒప్పుకోలు దాగియున్నది. వెళ్ళగలిగిన వారెవరును నిలువని పని యదియని అడుగువాడే అంగీకరించుచున్నాడు. అట్లయినచో ఆ పనికి తగిన జీతమును, విశ్రాంతిని, మర్యాదను కల్పింపవలెనే గాని, పనివానిని అజ్ఞానమున నుంచి పట్టి నిలుపరాదు. ఇంకొక సంగతి. నూరుగురు నేర్చినను పైమెట్టున నూరు స్థానములుండవు. కావున శిక్షణ నొసగుచున్నామను నెపముతో కింది పనివారి జీతమును ఉపేక్షించుట దానము కాదు, బేరము. ఈ రెండును జోడెడ్లవలె కలిసి నడువవలెను.

ఇక విద్యను ఒసగు విధానము. న్యూయార్క్‌లో 1969లో ఆస్పత్రి పనివారి సంఘము, యాజమాన్యముల ఒప్పందమువలన ఏర్పడిన శిక్షణ నిధి, రోగులకు ఉపచారము చేయు సహాయకులు నర్సులగుటకు తోడ్పడుచున్నది. కాలిఫోర్నియాలో కార్యాలయములను శుభ్రపరచు వలస పనివారికై 2007లో మొదలైన యొక సంస్థ, వారు పనిచేయు భవనములందే ఆంగ్లము నేర్పుచున్నది. రెండు చోట్ల కూలిచేసి, ఇంట బిడ్డలను చూచుకొనువానికి ఊరి కొసనున్న పాఠశాల ఎంత గొప్పదైనను ఏమి ప్రయోజనము? అందని కొమ్మను వ్రేలాడు ఫలమును దానమనరాదు. అర్హులకు మాత్రమే యని దాచిన మంత్రార్థమును, గురువాజ్ఞ మీరిన దోషము తనకు వచ్చినను సరేయని, భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు గోపురమెక్కి అందరికిని చాటిరని సంప్రదాయము చెప్పుచున్నది. విద్య నొసగువాడు కొంత నష్టమునకు సిద్ధపడవలెననుటకు ఇంతకుమించిన నిదర్శనమేల?

ఈ విషయము మన తెలుగు ఇండ్లకు దూరమైనది కాదు. కడప, గోదావరి సీమలనుండి ఎందరో స్త్రీలు కువైట్ మొదలగు గల్ఫ్ దేశములకు ఇంటిపనికై వెళ్ళుచున్నారు. ప్రయాణమునకు ముందు అవగాహన కల్పించు శిక్షణను భారత ప్రభుత్వము 2018లో ఆరంభించినది. అది ఒక దినపు బోధ మాత్రమే. ఒక దినమున భాషగాని, వృత్తిగాని పట్టుబడదు. మిగిలినది బంధువులు, ఊరివారు పూరింపవలెను. నాలుగు అరబ్బీ మాటలు, ఒప్పంద పత్రమును చదివించుకొని అర్థము తెలిసికొను జాగ్రత్త, మెరుగైన వంటపని నేర్పి పంపినను మేలే. అటులనే మన యింట పాత్రలు తోము ఆమె తీరికవేళ ఏమి నేర్వగోరుచున్నదో ఒకమారు అడిగి చూడవలెను. ఆమె కోరిన విద్యకై వారమునకు రెండు పూటలు, జీతము తగ్గింపక, సెలవిచ్చుట ఏ గృహస్థునకైనను సాధ్యమే.