ఎండెన్ ముంచిన తాత

ప్రతి ఇంట్లోనూ ఎక్కడికో వెళ్ళి తిరిగిరాని తాత ఒకాయన ఉంటాడు. కొందరి తాతలు కాశీకి పోయారు, కొందరి తాతలు గాంధీగారి వెనకాల పోయారు. మా నాయనమ్మ తాతగారు ఓడెక్కి పోయాడు. వైనతేయ సముద్రంలో కలిసే చోట ఓడలరేవులో పుట్టినవాడు మరి, ఇంకేమెక్కుతాడు?

"మా తాతని ఎండెన్ ముంచేసిందే. కాకినాడ మీద బాంబులు పడ్డ ఏడు" అనేది నాయనమ్మ. ఈ రెండు ముక్కలూ ఒక ఇంట్లో కాపురం చెయ్యవు. జర్మన్ల యుద్ధనౌక ఎండెన్ మన సముద్రంలోకి వచ్చింది 1914 సెప్టెంబరులో. కాకినాడ మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. నాయనమ్మ రెండు యుద్ధాల్నీ కలిపి ఒకే జడ అల్లేసింది.

1942 అయితే చిక్కే లేదు. ఆ వారంలో జపాను వాళ్ళు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచారు. అందులో పోయాడనుకుని ఓ దణ్ణం పెట్టుకోవచ్చు. కానీ నాయనమ్మ పుట్టేనాటికే ఆయన ఇంట్లో లేడు. కాబట్టి 1914 అనుకోవాలి. అసలు పేచీ అక్కడే ఉంది.

ఎండెన్ కెప్టెన్ ముల్లర్ పెద్దమనిషి. సరుకు ఓడ దొరికితే ముందు మనుషుల్ని దింపి, ఆ తరువాతే ముంచేవాడు. ఆ సెప్టెంబరులో అలా దింపినవాళ్ళలో చాలామందిని కబింగా అనే ఓడలో ఎక్కించి కలకత్తా వైపు వదిలేశాడు. మద్రాసులో నూనె ట్యాంకులు తగలబెట్టింది ఆ తరువాత, 22 రాత్రి. అంటే మా తాతగారి ఓడని ఎండెనే ముంచి ఉంటే, ఆయన పొడిబట్టలతో కలకత్తాలోనో మరో రేవులోనో దిగి ఉండాలి. గోదావరి మీద రైలు వంతెన 1900లోనే వచ్చింది. రాజమండ్రిలో దిగి కాలువ పడవెక్కితే ఇల్లు చేరేవాడు.

చేరలేదు. ఆ రోజుల్లో మన తీరం నుంచి వేలమంది రంగూన్ పోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలనేవారు. వెళ్ళినవాళ్ళలో అక్కడే కాపురం పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. లేదూ, ఏ మామూలు ధోనీయో గాలివానకి తిరగబడిందేమో. గాలివాన అంటే ఎవరు వింటారు? ఎండెన్ అంటే పదిమందీ నోరు తెరుస్తారు!

ఆయన భార్య మాత్రం, ఊరంతా ఎండెన్ అంటున్నా, బొట్టు చెరుపుకోలేదట. "ఎవరైనా చూశారా?" అని అడిగేదట. ఆ ప్రశ్నకి జవాబు వెతకడం ఇప్పుడు న్యాయమేనా? మా చిన్నాన్న కొడుకు వద్దంటాడు. "రంగూన్‌లో రెండో సంసారం బయటపడితే ఆ ముసలమ్మ బొట్టుని మనమే చెరిపినట్టు కాదా అక్కా?" అంటాడు. కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. కానీ ఆవిడ అడిగింది ఓదార్పు కాదు, సాక్ష్యం. ఊరు ఆవిడకి కథ చెప్పి సరిపెట్టింది. మళ్ళీ అదే కథ చెప్పి నేనూ సరిపెట్టడమా? అదీగాక రంగూన్‌లో మనవలే ఉంటే, "తాతది గోదావరి పక్క ఏదో రేవు" అంటూ వాళ్ళూ సగం కథతోనే ఉండి ఉంటారు.

ఇన్నీ తవ్వాక తట్టిందేమిటంటే, తాతగారి పేరు ఇంట్లో అందరికీ తెలుసు. ముల్లర్ పేరు నాకిప్పుడు నోటికొచ్చు. బొట్టు చెరపని ఆవిడ పేరు ఎవరూ చెప్పలేకపోతున్నారు. నాయనమ్మ చెల్లెలుగారు అల్లవరంలో ఉంది. తొంభైకి దగ్గరపడింది. రంగూన్ సంగతి తరువాత, ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళాలి.